మండె కట్టని రోజులు

ఏడో తెప్ప, నారు పళ్ళేల దినచర్య పుస్తకం
రాసేది: పైడితల్లి, వయసు ఇరవై రెండు

రోహిణి కార్తె, పదకొండో రోజు

పళ్ళేలు నలభై. తడి సరిగా ఉన్నవి ముప్పై ఎనిమిది. మిగిలిన రెండింటికీ నీళ్ళు పట్టాను. మంచినీటి యంత్రం జల్లెడ కడిగాను.

పుస్తకానికి కావలసింది ఇంతే. ఇక మీద రాసేదంతా నా ఇష్టం. ఈ పుస్తకాలు ఎవరూ చదవరని మా నర్సరీ పెద్ద సూరీడమ్మ పిన్నే చెప్పింది. "రాయడం రూలు గానీ సదవడం రూలు కాదే గుంటా" అంది.

ఈ రోజు అమ్మమ్మ వడ్ల సీసా అలమర మీంచి దించి బల్ల మీద పెట్టాను. సోలెడు గింజలు. పిట్టముక్కు వడ్లంటారు, ప్రతి గింజ కొసనా చిన్న నల్ల మొన ఉంటుంది. సముద్రం పైకొచ్చి ఊళ్ళు మునిగినప్పుడు మా అమ్మమ్మ అసిరమ్మ కొంగున ముడేసుకుని ఈ తెప్పల మీదికి తెచ్చిన రకం ఇది. ఇంకెవరి దగ్గరా లేదు. ఏటా అమ్మమ్మే మండె కట్టేది. గింజలు ఒక రోజు నానబెట్టి, గోనెలో మూటకట్టి, మీద బరువు పెట్టి మొలకెత్తించేది. అమ్మమ్మ పోయి మూడేళ్ళు. మూడేళ్ళుగా ఈ సీసా మూత ఎవరూ తియ్యలేదు. ఎవరూ అంటే నేనే.

ఈ ఏడు దాటితే ఇవి మొలవవు. తెప్ప మీద కొత్తగా పోసే నారుకి నీళ్ళిచ్చేది ఆరుద్ర కార్తె చివరి రోజు దాకా. ఇంకా నెల ఉంది. ఇదేమంత పని! పన్నెండేళ్ళప్పుడు కళ్ళు మూసుకుని చేసేదాన్ని. రేపు చేస్తాను.

మృగశిర కార్తె, రెండో రోజు

చెయ్యలేదు.

ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరో వెక్కిరించారట. నాకా ఆరంభం కూడా లేదు. మా జాతి పరువు తీస్తున్నాను.

పొద్దున్నే చెవిలో పూస మాట్లాడింది. పదేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ చెవిలో పూస పెడతారు, తరవాత చెయ్యాల్సిన పని ఏదో అది చెబుతూ ఉంటుంది. ఎవరి గొంతు కావాలని అడిగితే నేను అమ్మమ్మ గొంతన్నాను. ఆవిణ్ణి ఒకటో తెప్ప మీదున్న గొంతుల గదికి తీసుకెళ్ళి నాలుగు రోజులు చదివించారు. ఆ మాటల్నే అటూ ఇటూ మార్చి అతికించి పూస నాకు ఇప్పటికీ పనులు పురమాయిస్తోంది.

"పైడితల్లీ, లే. వడ్లు నానబెట్టాలి. పన్నెండు మెట్లు. మొదటి మెట్టు: బకెట్ తీసుకో."

నిన్న బకెట్ దగ్గర దాకా వెళ్ళాను. అక్కడ రెండున్నాయి, ఆకుపచ్చది ఒకటి, నీలంది ఒకటి. ఏది తియ్యాలో తేల్చుకోవడానికి అరగంట పట్టింది. నవ్వొస్తే నవ్వండి, నాకు రాలేదు. చివరికి నీలంది తీశాను. తీసేసరికి ఎందుకు తీశానో మర్చిపోయాను. దానితో నేల కడిగి వచ్చి పడుకున్నాను.

నేల మాత్రం బాగుంది.

మృగశిర, ఆరో రోజు

పళ్ళేలు నలభై. తడి చూడలేదు.

మాట వినకపోతే పూస పనిని ఇంకా చిన్న ముక్కలు చేస్తుంది. అది దాని తెలివి. పన్నెండు మెట్లు ఇప్పుడు ముప్పై ఒకటయ్యాయి. "మంచం అంచున కూర్చో. కుడి కాలు కింద పెట్టు. ఎడమ కాలు కింద పెట్టు." ముప్పై ఒక్క మెట్లు విన్నాక ఆ మంచం నేల నుంచి ఇంకా ఎత్తుకి వెళ్ళినట్టనిపించింది.

పక్షానికోసారి పడవలో వచ్చే డాక్టరమ్మ ఈ రోజు వచ్చింది. మందు ఇచ్చి రెండు నెలలైంది. నిద్ర కుదుటపడింది, ఏడుపు తగ్గింది, ఆ మాటే చెప్పాను. మరి పని ఎందుకు చెయ్యలేకపోతున్నానని అడిగాను. సిగ్గేసింది అడగడానికి. ఇరవై రెండేళ్ళ మనిషిని, ఒళ్ళు బాగానే ఉంది, రెండు బకెట్లలో ఒకటి ఎంచుకోలేను.

"తలలో పనులు పురమాయించే మేస్త్రీ ఒకడుంటాడమ్మా. ఏది ముందు, ఏది వెనక, ఏది గుర్తు పెట్టుకోవాలి, ఎప్పుడు లేవాలి, అన్నీ అతనే చూస్తాడు. దిగులు జబ్బు వస్తే ముందు దెబ్బతినేది అతనే. అందులోనూ నీ వయసులో అతనింకా కుర్ర మేస్త్రీ, పని పూర్తిగా నేర్చుకోనే లేదు. కూలీలందరూ వచ్చి కూర్చునే ఉంటారు. మేస్త్రీ రాడు. అంతే తప్ప నువ్వు బద్ధకస్తురాలివి కావు."

"ఎప్పుడొస్తాడండీ?"

"మందు వల్ల మనసు ముందు తేలిక పడుతుంది. అతను కాస్త ఆలస్యంగా వస్తాడు. వస్తాడు గానీ, ఏ రోజని చెప్పలేను."

ఆవిడ మంచిది. తెలియనిది తెలియదని చెప్పింది.

మృగశిర, పదో రోజు

పళ్ళేల సంగతి సూరీడమ్మ పిన్ని చూసుకుంది. ఆవిడ చూసుకుందని రాయడం కూడా రూలే అనుకుంటా.

పడుకుని చిన్నప్పటి సంగతులు తలుచుకున్నాను. అవి తలుచుకోవడానికి మేస్త్రీ అక్కర్లేదు, అవే వస్తాయి. మూడో తెప్ప మీద మా గది. ఎండు చేపల వాసన, తడి గోనె వాసన. కింద నీళ్ళు తెప్పని తడుతుంటే గిన్నెలు ఒకదానికొకటి తగిలి చేసే చప్పుడు. మృగశిర వచ్చిందంటే అమ్మమ్మ తొట్టి తెచ్చి నా మంచం పక్కనే పెట్టుకునేది. గదంతా ఖాళీ ఉండగా అక్కడే ఎందుకో. తన పాటికి తను గింజలు కడుగుతూ, పైకి తేలిన తాలు గింజలు తీస్తూ ఉండేది. నేను చూస్తూ ఉండేదాన్ని. ఆవిడకి అన్ని పనులూ వచ్చు గానీ మండె మూటకి ముడెయ్యడం మాత్రం చచ్చినా రాదు. అటు తిప్పాల్సింది ఇటు తిప్పేది, గింజలు కారిపోతుండేవి. చూసి చూసి ఒళ్ళు మండి, మంచం మీంచి దూకి, విప్పి నేనే కట్టేదాన్ని.

"నలభై ఏళ్ళుగా కడుతున్నావు, ఒక ముడి రాదా అమ్మమ్మా?"

"ఏటి సేత్తానే, మొద్దు సేతులు నావి. ఎలాగూ లెగిసినావు, ఆ గోనె తడిపీ."

ఇక ఆ రోజంతా పనే. ఎంత చురుకైన పిల్లని! ఆ పన్నెండేళ్ళ పైడి ఇప్పుడీ గదిలోకి వస్తే నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది. ఆ పిల్ల మీద నాకు ఎంత బెంగగా ఉందో రాయలేను. అమ్మమ్మ మీద బెంగ కంటే ఎక్కువేమో కూడా.

మధ్యాహ్నం సూరీడమ్మ పిన్ని తలుపు తోసుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుగా నారు పనిలో ఉన్న మనిషి, గొంతు తెప్ప చివరి దాకా వినిపిస్తుంది.

"ఏటే గుంటా, సూరీడు నెత్తి మీదికొచ్చినాడు. ఆ సీసా ఇంకా బల్ల మీదే ఉన్నాదేటి?"

"రేపు చేస్తాను పిన్నీ."

"నీ రేపులన్నీ మూటగడితే మండె కంటే పెద్దదవుతాది. నానొక మాట సెప్పనా? నువ్వు లెగకపోతే మీ అమ్మమ్మ గొంతు పిలుస్తానే ఉంటాది. లెగిసి పని సేసీసినావనుకో, ఊరుకుంటాది. అందుకే నువ్వు లెగట్లేదు."

రోజంతా దాని గురించే ఆలోచించాను. బాగానే అతికింది, కానీ అందులో సగమే నిజం. అమ్మమ్మ గొంతు కాకుండా యంత్రం గొంతే పిలిచినా నేను లేవను. నాకు లేవాలనే ఉంది. రోజంతా లేవాలనుకుంటూ పడుకోవడం ఎంత అలసటో, హాయిగా పడుకునేవాళ్ళకి తెలియదు.

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

మధ్యలో ఏడు రోజులు రాయలేదు.

ఇప్పుడు మెట్లు నూట నలభై. నిన్న పూస "కళ్ళు తెరువు" దగ్గర మొదలుపెట్టింది. ఇంకా పది రోజులు పోతే "ఊపిరి పీల్చు" అంటుంది కాబోలు. అమ్మమ్మ గొంతు నాతో అలా మాట్లాడుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ బతికుండగా ఎప్పుడూ నన్నింత చేతకానిదానిలా చూడలేదు.

సీసా బల్ల మీదే ఉంది. మీద దుమ్ము పట్టింది. ఆరుద్ర ఇంకా పది రోజులు. నానడానికొకటి, మండెకి రెండు తీసేస్తే నాకున్నవి ఏడు. ఆ లెక్క మాత్రం పూస చెప్పకుండానే వచ్చింది. గింజలు మొలవకుండా పోతే ఆ రకం ఇక భూమ్మీద గానీ నీళ్ళ మీద గానీ ఉండదు. పోగొట్టింది ఎవరంటే అసిరమ్మ మనవరాలు.

పూస తీసి సూరీడమ్మ పిన్ని చేతిలో పెట్టాను. "ఇది వెనక్కిచ్చెయ్ పిన్నీ. నాకొద్దు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. పూసని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది. మొహం మారిపోయింది.

"ఇది మీ అమ్మమ్మ కాదే. అసిరమ్మ 'లే' అంటాదేటి? 'లెగు' అనీది. పద, ఒకటో తెప్పకి. నడవలేకపోతే మోసుకెల్తాను గానీ బేగి పద."

ఆరుద్ర, ఐదో రోజు

నిన్న మోసుకెళ్ళలేదు గానీ దాదాపు ఆ పనే చేసింది. చెప్పులు నా కాళ్ళకి ఆవిడే తొడిగింది.

గొంతుల గదిలో దాలినాయుడు బాబాయి ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట అమ్మమ్మ గొంతు పట్టింది ఈయనే. అప్పుడు కుర్రాడు, ఇప్పుడు జుట్టు పలచబడింది. అమ్మమ్మ పేరు చెప్పగానే నవ్వాడు.

"అసిరమ్మ గారా! నాలుగు రోజులు నన్ను ఏడిపించిందమ్మా. రాసిచ్చింది సదవదు. ఊరికే కూకోలేనని ఇంటి కాడ నుంచి చింతపండు తెచ్చుకుని గింజలు తీస్తా కూకునీది. ఆ సప్పుడు పోడానికి నేను మళ్ళీ మళ్ళీ సదివించాల్సొచ్చింది. సివరికి 'లెగు' అనకూడదు, పుస్తకం భాష కావాలంటే, 'లే' అని నాలుగుసార్లు సదివి ఎల్లిపోనాది."

"మిగతాది పారేశావా బాబాయ్?"

"పారెయ్యలేదు. కోసేసిన ముక్కల్ని మేం తాలు అంటాం. దాని పెట్టె వేరే ఉంటాది."

తాలు పెట్టె తెరిచి వినిపించాడు. మొదట చింతగింజ గిన్నెలో పడిన టక్కు. ఇంకో టక్కు. తరవాత కుర్ర దాలినాయుడి గొంతు: "'పైడితల్లీ, లే, పని మొదలుపెట్టు.' ఇది సదవండమ్మా."

తరవాత అమ్మమ్మ. నిజంగా అమ్మమ్మ.

"అదలా పిలిస్తే లెగదు బాబూ."

"మరెలా పిలవాలి?"

"పిలవకూడదు. ఆ గుంటకి కొన్ని రోజులు అలాగొత్తాయి. కళ్ళు తెరుసుకునే ఉంటాది, లెగలేదు. సెప్పీకొద్దీ లోపలికి ముడుసుకుపోతాది. మంచం పక్కన కూకుని మన పని మనం సేసుకోవాల. అప్పుడు ముడొకటి తప్పుగా ఎయ్యాల. సూసి ఊరుకోలేదు, సరసరా లెగిసొచ్చి సరిసేత్తాది." టక్కు. "నాను దొంగముడి ఏత్తానని దానికి తెలవదు. నువ్వు సెప్పకు."

"మీకెలా తెలుసమ్మా ఇవన్నీ?"

టక్కు. టక్కు.

"ఊరు ములిగిపోనాక నాను రొండేళ్ళు మంచం దిగనేదు బాబూ. నాకప్పుడు దగ్గరదగ్గర ఇరవై ఏళ్ళు. వడ్లు కొంగున కట్టి తెచ్చినాను గానీ, నానెయ్యడానికి సెయ్యి లెగలేదు. ఆ రొండేళ్ళూ మా అత్తే నానేసింది. ఒక్క మాట అన్నేదు. సేట తెచ్చుకుని నా పక్కన కూకుని రాళ్ళు ఏరీది. ఒక నాడు రాయి వొదిలీసి బియ్యం పారేత్తంది. నవ్వొచ్చి లెగిసినాను."

దాలినాయుడు బాబాయి తల దించుకున్నాడు. "నేనప్పుడు ఇదంతా కోసి పారేసి 'లే' ఉంచానమ్మా" అన్నాడు. ఆయన్ని తిట్టాలనిపించలేదు. తెప్పల మీద అందరికీ ఒకటే నమ్మకం: చెయ్యాల్సిందేదో సరిగ్గా చెబితే మనిషి చేస్తాడు.

నేను ఏడ్చాను. అమ్మమ్మ కోసం ఒకందుకు, ఆ పన్నెండేళ్ళ పిల్ల కోసం ఇంకొకందుకు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల నాలా కాదనుకున్నాను. అదీ నేనే. ఆ మంచం, ఆ తెరుచుకున్న కళ్ళు, అన్నీ అప్పుడూ ఉన్నాయి. పక్కన ఒక మనిషి కూర్చుని ఉండేది, అంతే తేడా.

సూరీడమ్మ పిన్ని ఆ దొంగముడి మాట దగ్గరికి తిప్పించి మళ్ళీ విన్నది.

తాలు అంతా పూసలోకి ఎక్కించుకుని వచ్చాను. నూట నలభై మెట్లూ తీసేయించాను.

ఆరుద్ర, ఎనిమిదో రోజు

మూడు రోజులు విన్నాను. మంచం మీదే. తాలు నలభై నిమిషాలుంది. అందులో మాటలు ఎనిమిది నిమిషాలుంటాయేమో, మిగతాదంతా చింతగింజలు. విన్నంత మాత్రాన లేచి కూర్చున్నానని రాస్తే అబద్ధం. మొదటి రెండు రోజులూ వింటూ నిద్రపోయాను. అది కూడా హాయిగానే ఉంది.

ఈ రోజు పొద్దున్న వింటుండగా అమ్మమ్మ దాలినాయుడితో "ఆ గిన్నె ఇలా జరుపు బాబూ" అంది. మామూలుగా, పని మధ్యలో అనే మాట. నా కాలు మంచం మీంచి దిగి, పక్కనే ఉండిపోయిన నీలం బకెట్‌ని జరిపింది. జరిపాక చూసుకున్నాను. రెండు కాళ్ళూ కిందే ఉన్నాయి.

సీసా మూత బిగుసుకుపోయింది. గుడ్డతో పట్టి తిప్పాను. వాసన వచ్చింది. పాత వాసన, మా మూడో తెప్ప గది వాసన. బకెట్లో నీళ్ళు పోసి గింజలు వేశాను. తేలిన తాలు చేత్తో తీసి పక్కన పెట్టాను, పారెయ్య బుద్ధి కాలేదు. మధ్యలో ఒకసారి ఏం చేస్తున్నానో మర్చిపోయి నిలబడిపోయాను. చెవిలో టక్కు టక్కు వినిపిస్తూనే ఉంది. ఆవిడ పని చేస్తూనే ఉంది గదా అని నేనూ మళ్ళీ మొదలుపెట్టాను.

పళ్ళేలు నలభై. తడి సరిగా ఉన్నవి నలభై. సూరీడమ్మ పిన్ని చలవ.

ఆరుద్ర, పదకొండో రోజు

తొమ్మిదో రోజు మూట కట్టి, మీద రాయి పెట్టాను. ముడి సరిగ్గా వేశాను. వెయ్యగానే ఒక్కసారిగా బెంగొచ్చింది, ఒకసారి తప్పుగా వేసి చూశాను, మళ్ళీ విప్పి కట్టాను.

ఈ రోజు విప్పాం. సూరీడమ్మ పిన్ని నా భుజం మీంచి తొంగి చూసింది. నూరు గింజలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగింటికి తెల్లటి ముక్కు. మిగతావి అలాగే ఉన్నాయి.

"ముప్పై నాలుగేనా" అన్నాను.

"నారు పోసినవాడు నీరు పొయ్యడా అంటారు గానీ, ఇక్కడ నీరు పోసేది నాను. పోస్తాను. ఒక పళ్ళెం నిండా వస్తాది, సాలదేటి? మీ అమ్మమ్మ తెచ్చింది కొంగుడే."

ఇరవై రెండో నంబరు పళ్ళెంలో నారు పోశాను.

పుష్యమి కార్తె, ఐదో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నారు జానెడు పైకి లేచింది. ఈ పాటికి పీకి, కట్టలు కట్టి, పొలం తెప్ప మీద నాటాలి. ముదిరితే పనికిరాదు. మూడు వారాలు బాగానే ఉన్నాను, మేస్త్రీ వచ్చేశాడనే అనుకున్నాను. మొన్న మళ్ళీ రాలేదు. నిన్నా రాలేదు. తాలు పెట్టుకుని విన్నాను. అన్ని టక్కులూ కంఠతా వచ్చేశాయి, కాలు కదల్లేదు. ఇంత దూరం తెచ్చి ఇక్కడ పోగొడతానా అని భయమేసింది. భయానికి కూడా లేవలేదు.

ఈ రోజు పొద్దున్న తలుపు తెరుచుకుంది. సూరీడమ్మ పిన్ని. పలకరించలేదు. తిట్టలేదు. పీకిన పిట్టముక్కు నారు ఒక తట్ట నిండా తెచ్చి నా మంచం పక్కన దించి కింద కూర్చుంది. వేళ్ళకి అంటిన మట్టి దులిపి, గుప్పెడు గుప్పెడు తీసి గడ్డిపోచతో కట్టలు కట్టడం మొదలుపెట్టింది. నేను చూస్తూ పడుకున్నాను. పూస తీసేశాను. తట్టలోంచి పచ్చి వాసన వస్తోంది.

ఐదు కట్టలు కట్టింది. ఆరోది కడుతూ గడ్డిపోచ అటు తిప్పాల్సింది ఇటు తిప్పింది. పక్కన పెట్టగానే ముడి జారి నారంతా విడిపోయింది. ఏడోదీ అంతే. ఎనిమిదోదీ అంతే.

ఈ తెప్ప మీద ఆవిడ ఇరవై ఏళ్ళుగా కట్టలు కడుతోంది. కళ్ళకి గంతలు కట్టినా ఆవిడ ముడి జారదు.

నావైపు చూడలేదు. తొమ్మిదో కట్ట చేతిలోకి తీసుకుని, మళ్ళీ తప్పువైపే తిప్పుతోంది.

"అలా కాదు పిన్నీ," అన్నాను, "ఇలా ఇయ్యి."